దుప్పటి కింద పాదాలు

ఆపరేషన్ అయిన రోజే పేషెంట్లను ఇంటికి పంపే వార్డు అది. తలుపు బయట మత్తు డాక్టరమ్మ, ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న జూనియర్ నిలబడి ఉన్నారు.

"చేతి ఆపరేషన్ ఆవిడ్ని ఇంకా పంపలేదేమ్మా?"

"నడిపించి చూశాకే కదా మేడమ్ పంపాలి. లేవనంటోంది. మత్తు దిగలేదేమో."

"కళ్ళు తిరుగుతున్నాయందా?"

"లేదు మేడమ్. కాళ్ళ మీది దుప్పటి మాత్రం తియ్యనివ్వట్లేదు."

"ఆపరేషన్ మధ్యలో ఆవిడ మడమలు చూసి నువ్వేమన్నావు?"

"ఆ పగుళ్ళలో విత్తనాలు చల్లొచ్చని... నిద్రపోతోందనుకున్నాను మేడమ్."

"సాయంత్రానికి ఇల్లు చేరాలని చేతికి తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, నిద్రకి తక్కువ మత్తే ఇప్పించాను కదా. కళ్ళు మూతపడినా చెవులు వింటూనే ఉంటాయి."

"తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు మేడమ్."

"అసలు నీకా మాట ఎలా వచ్చింది?"

"మా అమ్మ మడమలూ అలాగే ఉంటాయి. మీరు నవ్వుతారని అన్నాను."

డాక్టరమ్మ తలుపు వైపు తిరిగింది.

"నవ్వాను కూడా. అదీ వినే ఉంటుంది. పద, ఇద్దరం వెళ్దాం."

"వెళ్ళి ఏమని మొదలుపెట్టాలి మేడమ్?"

"నాకూ తెలీదమ్మా. ముందు తలుపు తియ్యి."