పోలేరమ్మ పుంజుకి అమ్మవారు పోసిన కథ

గురవమ్మ కోళ్లకి నూకలు చల్లేటప్పుడు మొగుడు కోటిలింగం కూడా ఆ వాకిట్లో అడుగుపెట్టగూడదంట. "పొలం మీ నాయనది, ఇల్లు మీ తాతది, ఈ కోళ్లొక్కటే నావి, ఎడంగా పోవయ్యా" అనేదంట. అట్టాంటి మనిషి. ఆమె నోటికి జడిసి ఊళ్లో మగాళ్లు పక్క సందులోంచి చుట్టు తిరిగి పోయేవోళ్లనుకో. కోళ్ల దగ్గరికొస్తే మాత్రం మెత్తన. "నా తల్లే, నా బంగారే" అని ఒళ్లో పెట్టుకుని వాటికి పేలు చూసేది. కోళ్లక్కూడా పేలుంటయ్యి, నవ్వుతారేంది? ఆ కోళ్లల్లో బొల్లిపెట్ట అని ఒకటి, ఒంటినిండా తెల్లమచ్చలు. అది పొదిగితే ఒక్క గుడ్డు కూడా మురిగేది కాదంట. మనం చెప్పుకునే రోజుల్లో కూడా అది వసారాలో పాత గంపలో పొదుగు కూర్చోని ఉంది. గురవమ్మ పానమంతా ఆ గంపలోనే ఉందనుకోండి.

ఆమె ఇంటి పక్కన వెంకాయమ్మ. వరసకి వదిన. మధ్యన మట్టిగోడ, గోడకి ఇవతల ఒక నోరు, అవతల ఇంకో నోరు. ఈ వెంకాయమ్మ తన డేగపుంజుని పోలేరమ్మ తల్లికి మొక్కింది. మొక్కిన పుంజంటే తెలుసు గదా, దాన్ని కట్టెయ్యగూడదు, గంప కింద మూయగూడదు, హుష్ అని అదిలించగూడదు. జాతర కొలుపుల్లో బలిచ్చేదాకా అది అమ్మ సొత్తు. ఆ సంగతి పుంజుకి ఎవరు చెప్పారో గాని, అది బాగా తెలుసుకుంది. ఏ ఇంట్లోకైనా దర్జాగా పోయేది, ఆరబోసిన వడ్లు తినేది, మంచం కోడు మీదెక్కి కూసేది, దిగేటప్పుడు దుప్పటి మీద ఒక రెట్ట వేసి మరీ దిగేది. జనమేమో "అమ్మ పుంజు, అమ్మ పుంజు" అని చెంపలేసుకుని దుప్పటి ఉతుక్కునేవోళ్లు. గురవమ్మ మాత్రం పళ్లు నూరేది. గట్టిగా కాదులే, లోపల్లోపల.

ఇంతలో ఏమైందంటే, పడమటి బజారులో కోళ్లు తూగటం మొదలెట్టినయ్యి. రెక్కలు వాల్చేసి, మెడ లోపలికి లాక్కుని, నోరు తెరిచి గురగుర గాలి పీలుస్తా మూల కూర్చుంటయ్యి. రెట్ట చూస్తే పచ్చగా, నీళ్లనీళ్లగా. పొద్దున తూగింది సాయంత్రానికి ఉండదు. మన జనం ఏం చేశారు? ఏం చేస్తారు, మీరు చేసేదే చేశారు. తూగే కోడిని చచ్చేలోగా కోసెయ్యటం, పక్కింటికీ ఎదురింటికీ గిన్నెలతో కూర పంపటం, ఈకలూ పేగులూ తీసకపోయి పెంటదిబ్బ మీద పారెయ్యటం. ఆ దిబ్బ మీద ఊరి కోళ్లన్నీ చేరి కెలుక్కుని తినటం. అమ్మ పుంజు అందరికంటే ముందు. అక్కడ తిని, అట్నుంచటే ఇల్లిల్లూ తిరిగొచ్చేది.

పశువుల డాక్టరు జోజిబాబు అని కుర్రాయన వచ్చాడు. పాపం ఎండాకాలమప్పుడే వచ్చి టీకాలేస్తానంటే, సూదేస్తే గుడ్లు ఆగిపోతయ్యని గురవమ్మతో సహా అందరూ కోళ్లని అటకలెక్కించారు. ఆయన అదేం మనసులో పెట్టుకోలేదు. అందర్నీ పోగుచేసి, "ఇది కొక్కెర రోగమమ్మా. పట్టాక దీనికి మందు లేదు, నా దగ్గరా లేదు, ఏ ఊరి డాక్టరు దగ్గరా లేదు. పట్టని కోళ్లకి కంట్లో చుక్కలేసి కాపాడుకోవాల. ఆ చుక్కల మందు ఐసుపెట్టెలో తేవాల, పై ఆదివారం తెస్తా. ఈలోగా తూగే కోడిని వేరే పెట్టండి, దాని నీళ్ల ముంత వేరే పెట్టండి. దాన్ని చూసేవోళ్లు అవే కాళ్లతో మంచి కోళ్ల దగ్గరికి పోగూడదు. చచ్చినదాన్ని సున్నం పోసి లోతుగా పూడ్చండి. దయచేసి కోసి పంచుకోమాకండి" అన్నాడంట. అందరూ "అట్టాగే సారూ, అట్టాగే సారూ" అన్నారు. "ముందు ఆ తిరిగే పుంజుని మూసెయ్యండి" అన్నాడో లేదో, ఇంకేముంది, ఆడోళ్లంతా చెవులు మూసుకున్నారు. "అమ్మ పుంజుని మూస్తారా? కళ్లు పోవూ!" ఆయన ఆ కళ్లవంకా ఈ కళ్లవంకా చూసి, బండెక్కి ఎల్లిపోయాడు. ఆయన బండి మలుపు తిరిగిందో లేదో బజార్లో మసాలా నూరే చప్పుడు.

గురవమ్మ కూడా మొదట "ఈయనకేం తెలుసు" అనే అనుకుంది. కానీ మర్నాడు పొద్దున్నే అమ్మ పుంజు ఆమె వాకిట్లోకి వచ్చింది చూడండీ, దాని నడక మారింది. రెక్కలు నేలకి జారినయ్యి. నోరు తెరిచి గురగురమంటంది. పచ్చటి రెట్ట వేసింది. వేసి, తూలుకుంటా తూలుకుంటా ఎటు పోతంది? సరిగ్గా వసారాలో గంప దిక్కు! గురవమ్మకి డాక్టరు చెప్పిన ప్రతి ముక్కా అప్పుడు గుర్తొచ్చింది. చీపురు తీసుకుని ఒక్క దూకు దూకింది. పుంజు కేకేసింది. గోడ మీద వెంకాయమ్మ తల లేచింది.

"ఏందే గురవమ్మా, అమ్మ పుంజు మీద చీపురెత్తావా? నీ చెయ్యి పడిపోను!"

"నీ పుంజు రోగంతో వచ్చింది వదినా, నా బొల్లిపెట్ట పొదుగు మీదుంది, దీన్ని తీసకపోయి మూసుకో!"

"మూస్తానా? దాని మీద అమ్మ ఉందే! అమ్మని మూస్తానా?"

అప్పటికి వీధి వీధంతా గుమికూడింది. చీపురు దించకపోతే ఊరు ఊరుకోదు, దించితే బొల్లిపెట్ట దక్కదు. గురవమ్మ చీపురట్టా పైకెత్తే ఉంచి, వదిన అన్న మాటే మళ్లీ మనసులో అనుకుందంట. దాని మీద అమ్మ ఉంది. అమ్మ ఉంది. మరి మనింట్లో పిల్లలకి అమ్మవారు పోసినప్పుడు ఏం చేస్తాం? చెప్పండి. వేరే గదిలో పడుకోబెడతాం, గుమ్మానికి వేపమండలు కడతాం, బయటోళ్లని రానియ్యం, వస్తువు బయటికియ్యం, నీసు ముట్టం, పొయ్యి మీద తాలింపు చప్పుడు కూడా కానియ్యం. ఆ కుర్ర డాక్టరు చెప్పిందీ అదే గదా! గురవమ్మ చీపురవతల పడేసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"తప్పయింది తల్లీ! వదినా, నువ్వన్నది నిజం. అమ్మే ఉంది. ఆ కళ్లు చూడు, ఆ ఆయాసం చూడు. నీ పుంజుకి అమ్మవారు పోసింది వదినా! ఇన్ని పుంజులుండగా ఏరికోరి నీ పుంజుకే పోసింది!"

వెంకాయమ్మ తిట్టడానికి తెరిచిన నోరు అట్టాగే తెరిచి ఉంచింది. జనమంతా పుంజుని చూశారు, తర్వాత వెంకాయమ్మని చూశారు. ఆమె మెల్లిగా కొంగు భుజాన కప్పుకుని నిటారుగా నిలబడింది. "నాకు రాత్రే కల్లో అనిపించిందిలే" అందంట! అని, పుంజుని రెండు చేతుల్తో ఎత్తుకుని తీసకపోయి, కొత్త గంప కింద పెట్టి, చుట్టూ వేపమండలు గుచ్చి, పసుపునీళ్లు చల్లి, "ఎవరూ ఇటు రాగూడదు, మైల తగుల్ద్ది" అని గుమ్మంలో తనే కాపలా కూర్చుంది. డాక్టరు కాళ్లు పట్టుకున్నా అంత బాగా చేసేది కాదనుకో.

ఇక చూడండి తమాషా. సాయంత్రానికి ఎదురింటావిడ, "మా ఎర్రపెట్టకి కూడా పోసినట్టుంది" అంది. వెంకాయమ్మ పుంజుకే పోసి మన కోళ్లకి పొయ్యకపోతే ఊళ్లో మన పరువేం గాను? తూగే కోడల్లా గంప కిందికి పోయింది, గంపగంపకీ వేపమండ. అమ్మ పోసిన కోడిని కోస్తారా ఎవరైనా? కత్తులు అటకెక్కినయ్యి. చచ్చిపోయినదాన్ని "అమ్మ తీసకపోయింది" అని పసుపూ సున్నమూ చల్లి గొయ్యి తీసి పూడ్చారు. ఊరు ఊరంతా తాలింపు బంద్. చప్పిడి పప్పు తినలేక మగాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోవటమే. కోటిలింగం కాలవగట్టు మీద పొరుగూరోడి చద్దిమూటలో ఆవకాయ వాసన చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడంటే నమ్మండి.

ఒక్కసారి మాత్రం గురవమ్మ పోలేరమ్మ గుడికి ఒంటిగా పోయిందంట. "తల్లీ, నీ పేరు వాడుకున్నా. నా కోళ్లు తప్ప నాకంటూ ఇంకేం లేదు, నీకు తెలుసు. తప్పయితే వాటి మీద చూపించమాక. అంతగా చూపించాలంటే మా ఆయన మీద చూపించు, ఆయన గట్టోడు" అని మొక్కిందంట.

ఇంటికొచ్చేసరికి ఆమె కోళ్లల్లోనే నల్లపెట్ట ఒకటి రెక్కలు వాల్చింది. ఆ పొద్దున పుంజు నిలబడ్డ చోట నూకలు తిన్నది అదే. కోటిలింగం చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఏమే, ఎవరికి తెలుసుద్ది? చచ్చేలోగా కోసుకుందాం, కాస్త తాలింపు కూడా..." అన్నాడంట. ఆమె చూసిన చూపుకి మిగతా మాట మింగేశాడు. "దీన్ని గడ్డివామి దగ్గర పెడతన్నా. దీనికి నీళ్లు పెట్టేది నువ్వు. బొల్లిపెట్టని చూసేది నేను. నువ్వు ఇటు రాగూడదు, అక్కడే పడుకో. కూడు గోడ మీద పెడతా" అంది. మనిషిక్కూడా మందలోంచి వేరుపడటం తప్పలేదన్నమాట. ఆయన గడ్డివామి దగ్గర నల్లపెట్టతో మాట్లాడుకుంటా ఉండిపోయాడు. అదీ దక్కలేదు. సున్నం పోసి పూడ్చేటప్పుడు గురవమ్మ గోడ ఇవతలే నిలబడి ఏడ్చింది. నోరున్న మనిషి గదా, నోరారా ఏడ్చింది. గోడ అవతల్నించి వెంకాయమ్మ కూడా "ఊరుకోవే, ఊరుకో" అని ముక్కు చీదింది.

ఆదివారం ఐసుపెట్టెతో జోజిబాబు వచ్చాడు. ఊళ్లో కోడి తిరగటం లేదు, దిబ్బ మీద ఈక లేదు, గంపగంపకీ వేపాకు. "ఎవరు చేయించారమ్మా ఇది?" అని నోరెళ్లబెట్టాడంట. గురవమ్మ ఆయన్ని పక్కకి పిలిచి, "సారూ, ఆ చుక్కల్ని మందు అనమాక, తీర్థం అను" అని చెవిలో ఊదింది. ఆయన పడీపడీ నవ్వి, మళ్లీ మొహం సర్దుకుని, తూగని కోళ్లన్నిటికీ కంట్లో తీర్థం వేశాడు. ఎండాకాలం అటకలెక్కించిన ఆడోళ్లే కోళ్లని కొంగు కింద పెట్టుకుని మరీ తెచ్చారు. రోగం పడమటి బజారు దాటి పెద్దగా రాలేదు. బొల్లిపెట్ట గంపలో కిచకిచ వినపడ్డ పూట గురవమ్మ గిన్నె నిండా నూనె పోసి తాలింపు పెట్టింది. కోటిలింగం ఇంట్లోకొచ్చి పప్పు ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడంట.

మరి పుంజేమైందంటారా? అది బతికింది! ఈ రోగంలో లక్షణంగా బతికేది అరుదు, బతికినా కొన్నిటికి మెడ తిరిగిపోద్ది. దీనికీ తిరిగింది, పూర్తిగా కుడిపక్కకి. కొలుపులకి ఇద్దామంటే పూజారి గంప దగ్గరికే వచ్చి చూసి, "అవిటిది, అమ్మకి పనికిరాదు" అన్నాడు. ఇక దాన్ని కొయ్యటానికి లేదు, అమ్మటానికి లేదు. అమ్మవారు పోసి బతికింది గాబట్టి అదిలించటానికి అసలే లేదు. నీళ్లు పోసి, డాక్టరు చెప్పినన్నాళ్లూ ఉంచి, గంప ఎత్తారు. ఎత్తగానే ఎటు పోయిందనుకున్నారు? రోజూ గురవమ్మ నూకలు చల్లగానే, మెడ పక్కకి పెట్టుకుని, ఒంటికన్నుతో ఆమెనే చూసుకుంటా, అడ్డంగా నడుచుకుంటా వచ్చుద్ది. బొల్లిపెట్ట పిల్లల్ని పక్కకి నెట్టి మరీ తింటది. గురవమ్మ చెయ్యి చీపురు మీదికి పోవటం, గోడ మీద తల లేవటం ఒకటే.

"ఏమే గురవమ్మా, దానికి అమ్మవారు పోసిందని నువ్వే గదా చెప్పావు?"

గురవమ్మ చీపురు కింద పెట్టి ఇంకో గుప్పెడు నూకలు వేసుద్దంట. డాక్టరు నిజం చెప్తే విననోళ్లు ఆమె అబద్ధం చెప్తే విన్నారు, ఆ పుంజుని కూర్చోబెట్టి మేపే పని మాత్రం ఆమెకే పడింది. మొన్న నేనటు పోయినప్పుడు చూశాగా, నూకల్లో తవుడు కూడా కలిపి పెడతంది.