కాశీల విడిచిన పెరుగు

ఏం పరీక్షంటివి సింధు బిడ్డా? బీ పన్నెండా? ఆ సూది జర పక్కకు వెట్టి కూసో. నెత్తురు యాడికి పోదు, డెబ్బై ఎనిమిదేండ్ల సంది నా ఒంట్లనే తిరుగుతాంది. ఈ బీ పన్నెండు సంగతి మీ ల్యాబోళ్ళకంటె ముందుగాల మా సారంగపాణి కాళ్ళకు ఎరుక. నీకు యాదికుండడులే, నువ్వప్పుడు శాన చిన్నపిల్లవు. చౌరస్తా కాడ గిన్నెల దుకాణం ఆయనది. మా ఇల్లు లెక్కనే నీసు ముట్టని ఇల్లు. కని పెరుగంటే పానం. ఒక్క పూటకు కుండెడు. నేను ఎక్కువజేసి చెప్తలేను, వాళ్ళ బర్రె సారంగపాణిని సూస్తె మొఖం తిప్పుకునేది.

ఇగ ఇద్దరం కాజీపేటల రైలెక్కి కాశికి వోయినం. గంగల నేను ఊపిరి వట్టి ముంగితే, పడవోడు నా పని అయిపోయిందని దండం వెట్టిండు. అవతలి ఒడ్డుకు తేలిన. సరే, అది ఇంకో ముచ్చట. కాశికి వోతే ఇష్టమైందొకటి విడిచిపెట్టి రావాలె గదా. నేను నడుముల్లోతు నీళ్ళల్ల నిలవడి, కాకరకాయ విడిచిన అని గట్టిగ చెప్పిన. ఆ, కాకరకాయ నాకు పుట్టినకాడికెళ్ళి పడది. ఏం నవ్వుతవ్? గంగమ్మ ఏమన్న అడిగిందా? సారంగపాణి దోసిట్ల నీళ్ళు వట్టి "రాజేశం, నేను సొరకాయ విడుస్తనే" అన్నడు. నేనూకున్ననా? "సొరకాయ విడిచి సొర్గం అడుగుతవానయ్యా? మొగోనివైతే పాడి విడువు" అన్న. పడవోని ముంగట అన్న. మనిషి నా దిక్కు సూసిండు, నీళ్ళ దిక్కు సూసిండు. "పాలు, పెరుగు, నెయ్యి, మజ్జిగ" అని దోసిలి విడిచిండు. మజ్జిగ సుత! మజ్జిగ ఎవలడిగిండ్రు?

నాలుగేండ్లు ఏం గాలె. అయిదో ఏట నాలుక పుండు లెక్క ఎర్రగైంది, మొఖం తెల్లగ పాలిపోయింది, అరికాళ్ళల్ల చీమలు పాకుతానయ్ అనేటోడు. ఒకనాడు ఎండకాలం, కాజీపేట నుంచి చౌరస్తా దాక ఒంటి చెప్పుతోని నడిచొచ్చిండు. రెండోది ఊడిపోయిందని ఆయనకెరుకలే. కాలంత బొబ్బలు. "రాజేశం, రోడ్డు దూది లెక్క మెత్తగైందే" అంటాండు! ఆయన భార్య భద్రమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టింది. నేనే భుజాన ఏసుకొని దవాఖానకు ఉరికిన. భద్రమ్మ ఎక్కిన ఆటోను దాటిపోయిన. పాపం, ఆమె సుత లేదిప్పుడు, ఉంటే సాక్ష్యం చెప్పేది.

డాక్టరమ్మ శోభారాణి అని ఉండె. అద్దాలు ముక్కు మీదికి జార్చి, "సేటూ, నెత్తురు పుట్టాలన్న, నరాలు పనిజెయ్యాలన్న, యాది నిలవాలన్న ఈ విటమిను గావాలె. మాంసం, గుడ్లు, పాలల్ల ఉంటది. ఆకుకూరల్ల దొరకది. కార్జంల నిలువున్న సరుకు నాలుగేండ్లు నడిపిచ్చింది, ఇప్పుడు గోదాం ఖాళీ" అన్నది. గిన్నెలమ్మేటోనికి గా మాట గబుక్కున సమజైంది. "మరి పెరుగు తినుండ్రి" అన్నది. "గంగకు మాటిచ్చిన" అన్నడు. మల్ల సూది దిక్కు సూసి "నీ సూదిల పాలున్నయా తల్లీ?" అన్నడు. లేవన్నది. "అయితే పొడువు."

సూదులకు నాలుక మానింది, నెత్తురు పట్టింది, మర్చిపోయిన బాకీదార్ల పేర్లు సుత యాదికొచ్చినయ్. కాళ్ళే, సగం వచ్చినయ్. ఆలస్యమైందట. పోయేదాక చేతికర్రే. నన్ను ఒక్క మాట అనలే బిడ్డా. దుకాణంకు వోతే నాకు పాల చాయ్ తెప్పిచ్చి, తను డికాషన్ తాగుకుంట, "రాజేశం, కాకరకాయ తింటలేవు గదా?" అనేటోడు. గంతే.

ఆయన వోయి పదేండ్లు. దినం నాడు ఆకుల పెరుగేసిండ్రు. ఆకు మలిచి లేచిన. అప్పటి సంది మా ఇంటామె కమల కంచంల పెరుగేస్తది, నేను పిల్లికి వెడత. మా పిల్లిని సూసినవా? పులి. చాయ్ల పాలొద్దంటే అరుగుతలేదని అనుకుంటది. నువ్వు చెప్పకు.

ఏందీ? నా ఎడమ చెప్పా? కాలుకే ఉన్నది గదా.

గేటు కాడ ఊడివడి ఉన్నదా.

...ఇగో, వట్టు. ఏ చెయ్యి గావాలె?