నీ దాంట్ల పాట ఎట్లొస్తుంది?

సింగరేణి బొగ్గుగనుల సెంటినరీ కాలనీలో ఎల్లేశం క్వార్టరు వరండా. ఫస్టు షిఫ్టు దిగిన సదానందం ఇంటికైనా పోకుండా నేరుగా ఇక్కడికే వచ్చాడు. మెడలో కొత్త నెక్‌బ్యాండ్ ఉంది, చొక్కా జేబులో పెద్దాఫీసుకు రాసిన అర్జీ ఉంది. కడుపుమంట సంగతి చెప్పనే అక్కర్లేదు, అది నాలుగు నెలల నుంచీ ఉన్నదే.

"గదేంది సదానందం, నీ మెడల సుత పడ్డదా పట్టీ? గా గోడ కాడ ఎందుకు, గిట్ల నా ఎదురుంగ కూసో. మొఖం చూడకుంట మాట్లాడితే నాకు మాట్లాడినట్టే ఉండదు."

"కూసున్న తియ్యి. ఏం బావా, నెక్‌బ్యాండ్ నీ ఒక్కని సొమ్మా? నిన్ననే గోదావరిఖనిల కొన్న. ముప్పై గంటలు ఛార్జింగ్ ఉంటదట. నీది ఎన్ని గంటలు?"

"ఏమో, నేనెప్పుడు చూడలే. మా జగదీశ్ మొదటి జీతం ఎత్తంగనే తెచ్చి మెడల ఏసిండు. నాయినా, ముందుగాల నీకే అన్నడు. వాళ్లమ్మకు చీర సుత తర్వాతనే."

"ఎరుకే, ఎరుకే. కాలనీల కుక్కలకు సుత ఎరుకే. నాది నేనే కొనుక్కున్న. మావోడు బసంత్‌నగర్ల సిమెంటు బస్తాలెత్తుతుండు. వానికి మొదటి జీతమేంది, రెండో జీతమేంది, అంత కూలే."

"గట్లంటవేంది? పిలగానికి ఏదన్న దొరుకుతది."

"దొరుకుతది, దొరుకుతది. గది ఇడువు. నీ దాంట్ల పాట ఎట్లొస్తుందో చెప్పు."

"అబ్బో, ఏం చెప్పాలె! డప్పు కొడితే నడినెత్తి మీద కొట్టినట్టే ఉంటది."

"నా దాంట్ల అంతకంటె ఎక్కువొస్తది. షాపాయన చెవిల పెట్టి చూపెట్టిండు. గుండె సుత దడదడ అంటది."

"అంటది, అంటది. గని నాది చెవుల నిలుస్తది బావా. చూడు, తలకాయ ఎంత ఊపినా జారదు."

"నాది ఎడమ దిక్కుది జారుతది. రబ్బరు బుడిపెలు మూడు సైజులిచ్చిండు. ఒకటి జారుతది, ఒకటి నొస్తది, ఇంకోటి ఎటో పోయింది. నీ చెవులకేంది బావా! దేవుడు కొలతవెట్టి చేసిండు. ఏది పెట్టినా సరిపోతది, ఏది కావాలన్నా అయితది."

"ఏంది గా మాట?"

"ఉన్న మాటే. ఇద్దరం ఒక్కనాడే నౌకరికెక్కినం. బొగ్గు ఎత్తే మిషన్ మీద ఇరవై ఎనిమిదేండ్లు పక్కపక్కనే చేసినం. గా మోత నీ చెవులల్ల పడ్డది, నా చెవులల్ల సుత పడ్డది. అన్‌ఫిట్ అయితే కొడుక్కు నౌకరొస్తదని ఇద్దరం మెడికల్ బోర్డుకు పోతిమి. నిన్ను అన్‌ఫిట్ అన్నరు. నన్నేమో, చెవులు మంచిగున్నయి, పోయి డ్యూటీ చేసుకో అన్నరు. నీ కొడుకు నౌకరిల కూసున్నడు, నా కొడుకు బస్తాల కింద ఉన్నడు. నా సర్వీసు సుత అయిపోవట్టె, ఇగ మళ్ల బోర్డుకు పోయే దారే లేదు."

"తలరాత బావా."

"తలరాత కాదు, యాక్టింగ్! ఇంక దాచుడెందుకు? మీ జగదీశే మావోనితోటి చెప్పిండట. మా నాయినకు అన్ని ఇనవడ్తయి, డాక్టర్ల ముంగట చెవిటోని లెక్క యాక్టింగ్ చేసిండు అని. అవునా, కాదా?"

"హహ్హ! చెప్పిండా వాడు?"

"అవునా, కాదా బావా?"

"వాడే చెప్పినంక ఇగ నేననేదేముంది? అవును, చేసిన. చెవులల్ల కుయ్యికుయ్యి అని సప్పుడు పెట్టిన్రు. రాయి లెక్క కూసున్న."

"నాకొక్క మాట చెప్పొద్దా? నీ అన్నం గిన్నెల చెయ్యి పెట్టి తిన్నోన్ని కదనే! నేను అమాయకపోన్ని, సప్పుడొచ్చినప్పుడల్ల బడిపిలగాని లెక్క వేలెత్తిన."

"వేలెత్తినవా! హహ్హహ్హ... ఏమేవ్, ఛాయ పెట్టు. సదానందం వచ్చిండు!"

"పెడ్తున్న! షక్కర ఎంత ఎయ్యాలె అన్నా?"

"ఎయ్యకు చెల్లె. నాకు ఈ నడుమ తీపి పడ్తలేదు."

"ఏమంటుందది?"

"చెల్లె షక్కర ఎంతని అడుగుతుంది."

"ఆ, షక్కరే, షక్కరే. ఇన్న."

"సరే, ఇయ్యాల తేలాలె. మార్చుకుందాం. నీది నాకియ్యి, నాది నువ్వు పెట్టుకో."

"నా దాంట్ల ఛార్జింగ్ లేదు గావచ్చు."

"అగో! గిప్పుడే డప్పు నెత్తి మీద కొట్టె అంటివి!"

"పొద్దుగాల ఇన్న. అయిపోయింది."

"ఇచ్చెటందుకు మనసొప్పుతలేదను. సరే, నాదన్న పెట్టుకో. ఫోన్ నా చేతులనే ఉంది. ఇగో... ఏమంటవ్? వస్తుందా?"

"వస్తుంది, వస్తుంది. మంచిగ వస్తుంది. గని నా దానికంటె జర తక్కువే బావా."

"తక్కువనా?"

"జరంత. జరంతనే."

"నేనింక పాట పెట్టనే లేదు కదనే!"

"పెట్టలేదా? నువ్వు ఇగో అనంగనే..."

"పాట రాకముందుకే నాది తక్కువైందా? ఇనకుంటనే? గంత అలుసైపోయిన్నా నీకు! నీ కొడుకు తెచ్చింది బంగారం, నేను కొన్నది పెంకాసు."

"గట్ల కాదు బావా, ఏదో నవ్వులాటకు..."

"నవ్వు, నవ్వు. నవ్వే రోజులు నీయి. ఉండు, పట్టీ సక్కగ కూసోలే, ఎనుకకొచ్చి సదురుతా. తల ఎత్తకు. ఆ... గిప్పుడు పెడ్తున్న. పూరా సౌండు పెట్టిన. కండ్లు మూసుకొని ఇను... తల ఊపుతున్నవా? ఊపు. పాటల పడి నా మాట ఇనవడ్తలేదు కదా, మంచిదే. మొఖం మీద చెప్పే ధైర్యం నాకు లేకపాయె. నా జేబుల అర్జీ ఉంది బావా. చెవిటోన్నని చెప్పి కొడుక్కు నౌకరి ఇప్పిచ్చుకున్నోడు, పొద్దంత మెడల పట్టీ ఏసుకొని పాటలింటుండని రాసిన. రేపు పెద్దాఫీసుల ఇస్త. నీ జగదీశ్ సుత మావోని పక్కపొంటి బస్తాలెత్తాలె. అప్పుడు తెలుస్తది నీకు. రాసుడు రెండుసార్లు ఆపిన, అబద్ధమెందుకు. గని నువ్వు పాటలు పెట్టుకొని గీ కాలనీల తిరుగుతుంటె నాకు బుక్క దిగుతలేదు బావా. మండుతుంది. ఏం చెయ్యాలె, మండుతుంది."

"ఛాయ అన్నా."

"చెల్లె! ఎప్పుడొచ్చినవ్?"

"మీవోని పక్కపొంటి మావోడు బస్తాలెత్తాలె అన్నవు కదా, గప్పుడే వచ్చిన."

"మెల్లగ... మెల్లగ అను చెల్లె. బావకు ఇనవడ్తది."

"ఇనవడదు."

"పాట ఉన్నంతసేపే కదా..."

"పాట ఆపు."

"ఎందుకు?"

"ఆపు అన్నా, నీకు దండం పెడ్త. ఆపినవా?"

"ఆపిన."

"చూడు. ఇంక తల ఊపుతనే ఉన్నడు."

"బావా... ఓ బావా! ఎల్లేశం!"

"ఎంత మొత్తుకున్నా పలుకడు. ముంగటికొచ్చి పెదవులు మెదిపితే పలుకుతడు. గా మిషన్ మోతల మీరందరు పెదవులు చూసే మాట్లాడుకుంటుంటిరట కదా? గా విద్యతోటే వెళ్లదీస్తుండు."

"మరి జగదీశ్... యాక్టింగ్ అని..."

"ఈయననే చెప్పిండు వానికి. నీ చెవులు పోంగ వచ్చిన నౌకరి నాకొద్దు నాయినా అని మూడొద్దులు అన్నం ముట్టలే వాడు. ఆర్డర్ కాయితం చింపబోతే చెయ్యి పట్టుకొని, పిచ్చోడా, నాకు అన్ని ఇనవడ్తయి, గదంత డ్రామా అన్నడు. పోరడు నమ్మిండు. సంబురపడి జీతం రాంగనే గిది తెచ్చిండు. పాటలినే నాయినకు ఇంకేం తెస్తడు? అప్పటిసంది రోజు మెడల ఏసుకుంటడు, పోరనికి కనవడేటట్టు తల ఊపుతడు. నాకు చూడబుద్ధి కాదు అన్నా, ఇంట్లకు పోత."

"నాకెందుకు చెప్పలేదు చెల్లె? నాకన్న..."

"నీకు చెప్తే మీవోనికి తెలుస్తది, మీవోనికి తెలిస్తే మావోనికి తెలుస్తది. డాక్టర్ల ముంగట ఆయన ఏ యాక్టింగ్ చెయ్యలే అన్నా. చేసేదంత మా ముంగట, నీ ముంగట. అర్జీ ఇస్తవా, ఇయ్యి. మళ్ల పిలిచి పరీక్ష పెడ్తరు. చెవులు పోయినయనే తేలుతది, నౌకరేం పోదు. గని పోరనికి నిజం తెలుస్తది. తెలిసినంక వాడు గా నౌకరి చేస్తడా?"

"చెల్లె, నేను... నాకు..."

"ఇటు తిరుగుతుండు. మొఖం తుడుచుకో."

"ఏందే, ఇద్దరు నా ఎనుక నిలవడ్డరు? ఛాయ చల్లారవట్టె. సదానందం, గా మొఖమేంది? తక్కువొస్తుందన్ననని మనసుల పెట్టుకున్నవా? పిచ్చోడా, నీ మీద ఒట్టు, గిప్పటిదాక పాట పూరా ఇన్న. నీదే గెలిచింది బావా. నా దానికంటె నీ దాంట్లనే మంచిగ ఇనవడుతుంది."