గిరా, గీరా

"గాబర్, దించు ఆ స్క్రూడ్రైవర్" అని వీధి మలుపులోంచి అరిచింది నేనే. మరి అరవనా? కాఫీ దుకాణంలో డొమినోలు ఆడేవాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు. నా పెళ్ళాం తమ్ముడివి కాబట్టి సరిపోయింది, ఇంకొకడైతే చెయ్యి విరిచేవాణ్ణి.

ఏం చేశావో చూడు. కారు తలుపు లోపలి అట్ట మూల విరిగింది. ఇంత పాత బండికి అట్ట ఎక్కడ దొరుకుతుందిరా, అలెగ్జాండ్రియా అంతా గాలించినా? రేపు నా కూతురు పెళ్ళి ఊరేగింపు ఈ బండిలోనే కదా. తలుపు మీది ఆ ముత్యపుచిప్ప పట్టీ అంచు లేచింది, నిస్మా గౌను లేసుకి తగులుకుంటుంది, ఊడదియ్యి అన్నాను. ఊడదియ్యమంటే పెరికెయ్యమనా? పట్టీ ముక్కలవకూడదని కూడా చెప్పానే. మీ నాన్న తన చేత్తో అంటించిందది. కొత్తింట్లో అద్దం చుట్టూ పెట్టుకుంటానని పిల్ల ముచ్చట పడుతోంది.

ఆ సీసాలో ఏమిటి? థిన్నరా? నోట్లో సిగరెట్టు, చేతిలో థిన్నరు. పెళ్ళికి టపాకాయలు వేరే కొనక్కర్లేదన్నమాట.

సిగరెట్టు ఆర్పు. సీసా మూతపెట్టి అవతల పెట్టు. ఇదుగో, నిస్మా హెయిర్ డ్రయ్యర్. పట్టీ కింద జిగురు మెత్తబడాలి. ఒక్కచోట నిలపకు, అటూ ఇటూ తిప్పు. చెయ్యి పెడితే వెచ్చగా ఉండాలి, కాలకూడదు. తడిగుడ్డ జోలికి పోకు, అట్ట నానిన రొట్టెలా ఉబ్బుతుంది. ఇప్పుడు నీ జేబులో గాలపు దారం తియ్యి. ఆ, గాలపు దారమే. బుద్ధెరిగినప్పట్నుంచీ నీ చేతిలో ఉన్నది అదేగా? దాన్ని వదిలేసి స్క్రూడ్రైవర్ పట్టావు, చేప మీదికి గొడ్డలి ఎత్తినట్టు. పట్టీ వెనక దూర్చు. రెండు కొసలూ పట్టుకుని రంపంలా లాగు. మెల్లగా.

ఏమన్నావ్? తప్పు నీది కాదు, గిరా మొండిదా?

ఆహా. గిరా అంటే మన అరబ్బీలో జిగురు, ఒప్పుకున్నాను. దానికి ఒక్క దీర్ఘం పెట్టు. గీరా. అసూయ. అదీ అసలు మొండిది. నాన్న కారేమో అక్కకీ బావకీ ఇచ్చాడు, నాకేమో కంపు కొట్టే పడవ మిగిల్చాడు అని ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నావు. ఆ కసంతా ఇవాళ ఈ తలుపు మీద తీర్చుకున్నావు. కాదని చెప్పు చూద్దాం.

లాగు, ఆపకు. కింద చెయ్యి పెట్టు. ఆ... వచ్చింది, చెక్కుచెదరకుండా. మిగిలిన జిగురు గోకకు, బొటనవేలితో దొర్లించు, ఉండలు కట్టి అదే వచ్చేస్తుంది.

ఆగు. ఇదేం రంగు?

అట్టంతా ఎండకి వెలిసి బూడిదైపోయింది గానీ, పట్టీ కింద చూడు. ఆకుపచ్చా కాదు, నీలమూ కాదు. ఏమిటీ, పడవదా? నిజమేరా. మీ నాన్న మొదట పడవకి వేసిన రంగే. నువ్వు ఏటా దాని మీద వేరే రంగు పూస్తూ పోయావు, చివరికి ఇక్కడే మిగిలింది. ముసలాయన ఒకే డబ్బాలో కుంచె ముంచి రెండింటికీ వేశాడన్నమాట.

ఏడవకు, అట్ట తడుస్తుంది. ఇందాకేగా చెప్పాను.

సరే, నేనూ ఒకటి చెబుతాను, మీ అక్కతో అనకు. నిన్ను తెల్లారకుండానే లేపి సముద్రం మీదికి తీసుకెళ్ళేవాడు. నాకు బండి తాళం చేతిలో పెట్టాడు, అంతే. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు, నువ్వూ రారా అనలేదు. గాలానికి ముడి వెయ్యడం ఈనాటికీ రాదు నాకు. గీరా నీ ఒక్కడి సొత్తనుకున్నావా?

అదుగో, ఇహ్సాన్ కేకేస్తోంది. చేపల అన్నం చల్లారితే మనిద్దర్నీ కలిపి వండుతుంది మీ అక్క. ఆ మూల సంగతా? తిన్నాక వెనక గుడ్డ వేసి అంటిద్దాం. గిరాతోనే. పద, చేతులు కడుక్కో.

జరుగమ్మా నిస్మా, మీ మామయ్యకి చోటివ్వు. ఇహ్సాన్, తలకాయ ముక్క వాడికి వెయ్యి. నాకా? నాకు తోక చాల్లే. ఎప్పుడూ అంతేగా.