బుల్లయ్య బిగించిన బ్రేకు

నల్లపాడు స్టేషను రోడ్డులో ఆదెమ్మ టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, సైకిలు షాపు బుల్లయ్య ఆ పొద్దున మామూలు కంటే ఎక్కువ మాట్లాడుతున్నాడు. గొప్పలు చెప్పడం అతనికి టీ తాగడం లాంటిదే, రోజుకు నాలుగుసార్లు పడాల్సిందే. కానీ ఇవాళ ఒక భయం పట్టుకుంది, అందుకే మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి.

సంగతేమిటంటే, ఆదెమ్మ మనవరాలు స్తుతి ఆన్‌లైన్లో డిస్కు బ్రేకులు తెప్పించుకుంటే, ఆ పిల్ల గేరు సైకిలుకు నిన్న బుల్లయ్యే బిగించాడు. బిగించి చక్రం తిప్పితే కీచుమంది. అరిచినదానికల్లా నూనె పెట్టడం ముప్ఫై ఏళ్ళ అలవాటు. డిస్కుకూ పెట్టాడు, అరుపు ఆగింది. ఈ పొద్దున్నే స్తుతి కాలేజీ స్నేహితులతో కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కి దిగడానికి వెళ్ళింది. ఆ పిల్ల వెళ్ళాక, ఇంకెవరైనా ఇలాంటి పని తెస్తే తడబడకూడదని బుల్లయ్య ఫోనులో ఒక వీడియో చూశాడు. అందులోవాడు డిస్కును స్పిరిట్‌తో తుడుస్తూ, వేలి జిడ్డు తగిలినా బ్రేకు సరిగ్గా పట్టదు, నూనె తగిలితే ప్రాణం మీదికే అన్నాడు.

ఫోను చేసి చెప్పాలంటే నామోషీ. డిస్కు పని చెన్నై కంపెనీలో నేర్చుకున్నానని ఈ బల్ల మీదే కోతలు కోసి ఉన్నాడు మరి. పదింటికి గానీ పిల్లలు కొండెక్కలేరు, ఇంకా టైముందిలే అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. ఇప్పుడు తొమ్మిదిన్నర.

“ఆ సైకిలుకి నిన్న ఏందో బిగించావంట?” అన్నాడు అబ్దుల్ ఖాదర్. పాతికేళ్ళు లారీలు తోలి మానేసిన మనిషి.

“ఏందో కాదు ఖాదర్ భాయ్, డిస్కు. గంట పని. క్యాలిపర్ అంటారు, డిస్కుని రెండు పక్కలా పట్టుకునే పిడికిలనుకో, దాన్ని బిగించి, లోపల ప్యాడుకీ డిస్కుకీ మధ్య శుభలేఖ దూరేంత సందు పెట్టి, కేబులు లాగి, మర ఒక్క చుట్టంటే ఒక్క చుట్టు తిప్పా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పరీక్ష చూద్దామని మిర్చి యార్డు వైపు తోలా, ఎదురుగా కోడిపిల్ల. వేలు ఆనించానంతే, టైరుకీ దాని ముక్కుకీ మధ్య నూగింజంత సందులో ఆగింది బండి. కోడిపిల్ల తల కూడా ఎత్తలా.”

“చదునులో ఏదైనా ఆగుద్దిలే,” అన్నాడు ఖాదర్.

ఆ మాట బుల్లయ్యకు సూదిలా దిగింది. తను కూడా పొద్దుటినుంచీ అదే అనుకుంటున్నాడు. చదునులో తెలియదు, వాలులో తెలుస్తుంది.

“చదునని ఎవరన్నారు? ఫ్లైఓవరు దిగుతున్నా, వెనకాల మిర్చి బస్తాల లారీ, బ్రేకు ఫెయిలై మీదకొస్తంది. నేను పక్కకి తప్పుకుని, అది నన్ను దాటేటప్పుడు వెనక వేలాడే తాడు అందుకుని, లీవరు నొక్కా. లారీ అక్కడికక్కడే కూర్చుంది భాయ్. ఆ ఊపుకి బస్తాలు చిట్లి, డ్రైవరు పొన్నూరు దాకా తుమ్ముకుంటానే పోయాడంట.”

ఖాదర్ నవ్వాడు. ఆదెమ్మ నవ్వలేదు. మామూలుగా బుల్లయ్య కోతలకు ముందు నవ్వేది ఆవిడే. ఇవాళ టీ వడకడుతూ మాటిమాటికీ గోడ గడియారం చూస్తోంది. పది నిమిషాలు తక్కువ పది. ఆవిడ భయం పోగొట్టాలంటే ఇంకా పెద్దది చెప్పాలనిపించింది బుల్లయ్యకు, తన భయం పోవాలన్నా అదే దారి.

“ఇదేం చూశారు, స్టేషను మాస్టరు పరిగెత్తుకొచ్చాడు, బుల్లయ్యగారూ, గూడ్సు సిగ్నలు దాటేస్తంది, మీరే దిక్కన్నాడు. యాభై ఎనిమిది పెట్టెలు, నిండా బొగ్గు. సైకిలు తీసుకెళ్ళి చివరి పెట్టెకి గొలుసుతో కట్టి, రెండు వేళ్ళు, రెండే, లీవరు మీద వేశా. పట్టాలు ఎర్రబడ్డాయి. ఇంజను ముందుకు పోలేక రెండడుగులు వెనక్కేసింది. డిస్కు మీద చెయ్యి పెట్టి చూస్తే కుండలో నీళ్ళంత చల్లగా ఉంది.”

“జిడ్డు చెయ్యి డిస్కు మీద పెట్టావా?” అన్నాడు ఖాదర్. ఈసారి నవ్వలేదు.

ఆదెమ్మ వడకట్టే గుడ్డ పక్కన పెట్టింది. “రైలు సంగతి నాకెందుకు బుల్లయ్యా. కొండ దిగేటప్పుడు మా పిల్లని ఆ బ్రేకు ఆపుద్దా, ఆపదా? అదొక్కటి చెప్పు.”

బుల్లయ్య నోరు తెరిచాడు. ఇంకో కోతకు బదులు కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి.

“ఆపదు పిన్నీ,” అన్నాడు. “డిస్కుకి నూనె పెట్టా.”

“ముందు ఫోను చెయ్యి,” అని ఖాదర్ లేచి నిలబడ్డాడు.

మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తింది. “పైకెక్కేశాం బాబాయ్, దిగబోతున్నాం.”

“సైకిలెక్కొద్దమ్మా. బ్రేకు పట్టదు. నూనె పెట్టింది నేనే. నడిచి దిగు.”

అవతల నవ్వు వినిపించింది. “నిన్నేగా ఏనుగు ఎదురొచ్చినా ఆగుద్దన్నావు. ఇప్పుడు నన్ను భయపెట్టి ఇంకో కథ అల్లుకుందామనా? మావాళ్ళు కదిలారు, పెట్టేస్తన్నా.”

“ఒట్టు తల్లీ, నిజం,” అన్నాడు బుల్లయ్య. ఆ ఒట్టు కూడా స్తుతి చిన్నప్పటినుంచీ వింటున్నదే. ముప్ఫై ఏళ్ళలో అతను నిజం చెప్పాల్సొచ్చింది ఇప్పుడే, నమ్మేవాళ్ళు లేరు.

ఆదెమ్మ ఫోను లాక్కుంది. “ఒసే స్తుతీ, సైకిలు దిగవే. ఈయన ఏడుస్తన్నాడు. నేను చూస్తన్నా, నిజంగానే ఏడుస్తన్నాడు.”

కొండ మీద గాలిలో స్తుతి స్నేహితుల్ని కేకేసి ఆపడం వినిపించింది.

“సరే అమ్మమ్మా. నడిచే వస్తా.”

బుల్లయ్య స్పిరిట్ సీసా, కొత్త ప్యాడ్లు సంచిలో వేసుకుని మోపెడ్ తీశాడు. వెనక ఖాదర్ ఎక్కాడు. పేరేచర్ల దాటారు.

“ఎన్ని చుక్కలు పెట్టావు?” అని ఖాదర్ అడిగాడు.

“రెండు.”

ఇంకో కిలోమీటరు పోయింది.

“కారేదాకా పోశా భాయ్,” అన్నాడు బుల్లయ్య.