ఎడం పక్క పియానో

హలో… ఆఁ, నేనే. జగ్గయ్యపేట నుంచి, చంద్రమౌళిని.

…ఏం, నంబరు చూస్తే తెలియలేదా డేవిడ్‌రాజు గారూ?

…'గారు' ఎందుకా? పెద్దమనుషులు కదా మీరు. మర్యాద ఇవ్వొద్దూ.

…తాగలేదు. మిట్టమధ్యాహ్నం. భోజనం కూడా చెయ్యలా.

…చర్చి నుంచి ఇప్పుడే వచ్చావా. మంచిది. అయితే కూర్చో. నిలబడి వినే మాటలు కావివి.

గ్రేసీ ఉందా అక్కడ? …వద్దు, మీ చెల్లెలికి ఫోనివ్వొద్దు. ముందు నీతో తేలాలి.

…పాట గురించే. మనిద్దరికీ ఇంకేముంది మాట్లాడుకోటానికి.

…మిక్సింగ్ అయిందా అని అడక్కు. అయిందో లేదో తర్వాత చెప్తా. ముందొకటి గుర్తు తెచ్చుకో. మొన్న పదో తారీఖు నందిగామలో మీ ఇంట్లో రికార్డింగ్ పెట్టుకున్నాం. అవునా?

…అవునంటే అవునను చాలు.

కిటికీలకి బొంతలు కట్టాం. ఫ్రిజ్ ఆపాం, ఫ్యాన్లు ఆపాం. చెమటలు కారుతుంటే తుడుచుకుంటా పాడింది గ్రేసీ. మిషన్ స్కూలు వాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్నావే, ఆ పియానోకి రెండు మైకులు పెట్టా. నీ ఎడం చెయ్యి వాయించే కింది స్వరాల దగ్గరొకటి. కుడి చెయ్యి వాయించే పై స్వరాల దగ్గరొకటి. గ్రేసీ ముందొకటి. మొత్తం మూడు.

…వస్తున్నా, అక్కడికే వస్తున్నా.

రెండో టేకు మధ్యలో పక్కింటి పుష్పవతి గారి మోటరు మోగింది. నువ్వే అన్నావు, నువ్వెళ్ళి చెప్పు మౌళీ, నువ్వయితే నవ్వుతా చెప్తావని. వెళ్ళా. ఆవిడ మోటరు ఆపింది. ఎండన పడొచ్చావు, మజ్జిగ తాగి వెళ్ళమంది. తాగా. మొత్తం నాలుగు నిమిషాల పదిహేను సెకన్లు.

…సెకన్లతో సహా ఎట్లా తెలుసా?

రికార్డింగ్ ఆపకుండా వెళ్ళా కాబట్టి. మూడు మైకులూ తెరిచే ఉన్నాయి.

—

ఆ నాలుగు నిమిషాల్లో మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారో గుర్తుందా?

…సరే, నేనే చెప్తా. నాకు కంఠతా వచ్చేసింది. గ్రేసీ నిన్నడిగింది. "అన్నయ్యా, మౌళన్న ఎడం చెవి పోయిందని ఆయనకెప్పుడు చెప్తావు?" అని. నువ్వేమన్నావ్?

…లేదు, నువ్వే చెప్పు. నీ నోటితో.

…చెప్పవు. "చెప్పటం ఎందుకే. ఫైళ్ళు తీసుకుని విజయవాడలో బుల్లిబాబు చేత మళ్ళీ చేయిద్దాం. క్రిస్మస్ పాటలు అట్లాగే చేసాం కదా. వాడికేం తెలుస్తుంది." అదీ నువ్వన్నది.

వాడికేం తెలుస్తుంది.

…ఉండు. నన్ను మాట్లాడనీ. నీ మాట నాలుగు నిమిషాలు విన్నా కదా, నా మాట నువ్వు విను.

ఇరవై రెండేళ్ళు మైకు సెట్టు నడిపిన వాణ్ణిరా నేను. వేదాద్రి తిరునాళ్ళకి, పెళ్ళిళ్ళకి, మీటింగులకి, మీ కూటాలక్కూడా. వైరు ఎక్కడ తెగిందో చూడకుండా మోతని బట్టి చెప్పేవాణ్ణి. ఆ పెద్ద బాక్సుల పక్కనే నిలబడి బతికా. ఆ మాట విన్నాక నాకేమనిపించిందో తెలుసా? వీడు అబద్ధం చెప్తున్నాడు అనిపించింది. నన్ను తప్పించటానికి సాకు వెతికాడు, చెవి దొరికింది అనుకున్నా.

…అనుకోనా మరి?

అబద్ధమని రుజువు చేద్దామని కూచున్నా. హెడ్‌ఫోన్ పెట్టుకుని నీ పియానో ఒక్కటే విన్నా, కింది స్వరాల మైకు ఎడం చెవికి, పై స్వరాలది కుడి చెవికి. పై స్వరాలు శుభ్రంగా ఉన్నాయి. కింది స్వరాలు పల్చగా, ఎక్కడో పక్కవీధిలో వాయిస్తున్నట్టు. వైరు పోయిందనుకున్నా. విప్పా. కొత్తగా అతికించా. అట్లాగే ఉంది. అప్పుడు హెడ్‌ఫోన్ తీసి తిరగేసి పెట్టుకున్నా, ఎడమది కుడి చెవికి, కుడిది ఎడం చెవికి.

…ఆఁ. అంతే.

కింది స్వరాలు గంటల్లాగా వచ్చేసాయి. పై స్వరాలు పోయాయి. వైరు బాగానే ఉంది. హెడ్‌ఫోన్ బాగానే ఉంది.

—

నాగశ్రీని పిలిచి అడిగా. మొగుడి సంగతి పెళ్ళానికి తెలియకుండా ఉంటుందా అని. రెండేళ్ళుగా నాకు కుడి పక్కనే నడుస్తోందంట. మంచం మీద కూడా ఇటు మారింది. నేను గమనించలా. నాకెందుకు చెప్పలేదే అంటే, చెప్తే గిన్నె విసిరికొట్టారు కదండీ అంది. నాకా గిన్నె కూడా గుర్తు లేదు.

…దాని మీద నాకు కోపం లేదు. అది నన్ను చూసుకుంటా పక్క మార్చుకుంది. నువ్వేం చేసావు?

…జాలా? ఎవడు అడిగాడ్రా నీ జాలి?

క్రిస్మస్ పాటలు ఆరు. ఆరూ నేను మిక్స్ చేసా అనుకున్నా. విడుదలయ్యాక మా బావమరిది సతీష్‌బాబుని కార్లో కూచోబెట్టుకుని పరిటాల దాటేలోపు నాలుగు పాటలు వినిపించా. ఆ కిందినుంచి వస్తున్న పియానో విను బావా, దాన్నెట్లా కూచోబెట్టానో చూడు అన్నా. బుల్లిబాబు కూచోబెట్టిందాన్ని. సతీష్‌బాబు కళ్ళు తుడుచుకున్నాడు. నేను మీసం తిప్పుకున్నా.

…నాకే తేడా తెలియలేదు కదా అంటావా? తెలియలా. అదేరా మంట. నువ్వన్న మాట నిజమేనని నేనే సాక్ష్యం చెప్పినట్టు అయింది.

నేను చేసిన మిక్సు ఎట్లా ఉండేదో ఇప్పుడన్నా చెప్పు. నిజం.

…ఎడం పక్క మోత. …కింది స్వరాలు గోడలు బాదినట్టు. …కోరస్ అంతా ఒకే పక్క. ఆఁ. వినపడక ఎడం పక్క పెంచుకుంటా పోయా. చెవి తగ్గేకొద్దీ చెయ్యి పెరిగింది.

…ఏంటీ?

చెప్పావా? ఎప్పుడు చెప్పావు?

…శుద్ధ అబద్ధం. …ఎవరి పెళ్ళి? …జి.కొండూరులో. …వాన పడి బాక్సులు సర్దుతున్నప్పుడు.

…ఊఁ.

…అన్నావు. చెవి ఒకసారి చూపించుకో అన్నావు. …కాలర్ పట్టుకున్నానా? …పట్టుకున్నా. అందరి ముందు. సరే, ఒప్పుకుంటున్నా.

అయితే? ఒకసారి కాలర్ పట్టుకుంటే రెండేళ్ళు నోరు మూసుకుంటావా? ఇరవై ఏళ్ళ స్నేహం అంటావు. స్నేహితుడైతే రెండోసారి చెప్పాలి. మూడోసారి తన్నించుకుని అయినా చెప్పాలి. నువ్వు ఫైళ్ళు పట్టుకుని విజయవాడ బస్సెక్కావు. బుల్లిబాబు దగ్గర కూచుని, మా మౌళి ఇట్లా చెడగొట్టాడు, కాస్త సరిచెయ్యి అన్నావు. అన్నావా లేదా?

…ఆ మాటే అనకపోయినా అర్థం అదే.

…అరవటం లేదు. నా గొంతు ఎంత పెద్దదిగా ఉందో నాకు తెలియదు ఈ మధ్య. అది కూడా నాగశ్రీయే చెప్పింది.

—

ఇంకోటి చెప్పనా. క్రిస్మస్ పాటలు పోతే పోయాయి. ఢోలక్, కీబోర్డు, పదిమంది కోరస్. ఎవడు చేసినా పండక్కి మోగుతాయి. ఈ పాట అట్లాంటిది కాదు. నువ్వే చెప్పావు. ఒక గొంతు, ఒక పియానో, అంతే అన్నావు. జాజ్ అన్నావు. అదేంట్రా అంటే పదిరోజులు నాకు రికార్డులు వినిపించావు. తాళం మీద కాలు వెయ్యకుండా దాని వెనకాలే నడుస్తా పాడేది అన్నావు. తొందర లేని పాట అన్నావు. నేను మైకు పెట్టిన పాటల్లో అంత మెల్లగా పాడింది ఒక్కటి లేదు. వేదాద్రి రేవు మీద నువ్వు రాసిన మాటలు, "పడవ వెళ్ళిపోయింది, నీళ్ళింకా కదులుతున్నాయి" అని గ్రేసీ అంటుంటే చెమట తుడుచుకోటం మర్చిపోయా. ఈ ఒక్కటీ బాగా చెయ్యాలి అనుకున్నా. ఆ గదిలోనే, నేను మజ్జిగ తాగుతుంటే, దాన్ని నా చేతుల్లోంచి తీసేసారు మీరిద్దరూ.

…గ్రేసీ ఏమంటోంది? …ఆ అమ్మాయి చెప్దామనే అంది కదా. విన్నాగా. దాని తప్పు లేదు. నీదే.

…క్షమించమనొద్దు. ఇంకా టైముంది దానికి. ఉంటే.

రెండు పనులు చెప్తా, చెయ్యి. ఒకటి, ఆ క్రిస్మస్ పాటల మీద నా పేరు తీసెయ్. బుల్లిబాబు పేరు పెట్టు.

…ఎవరడిగితే నాకేంటి? చంద్రమౌళికి చెవి పోయిందంట అని చెప్పు. నిజమే కదా. సతీష్‌బాబుకి నేనే ఫోన్ చేసి చెప్తా.

…అవును, కష్టంగానే ఉంటుంది. నీకు కాదు కదా.

…గురువారం. విజయవాడలో డాక్టర్ని చూస్తున్నా. నాగశ్రీ వస్తోంది. …నువ్వు రావక్కర్లా. ఇంకో చెవన్నా ఎంతకాలం ఉంటుందో అడగాలి.

—

రెండో పని. మెయిల్ తెరువు. …ఇప్పుడే. వాట్సాప్‌లో పంపితే పాటని నొక్కేసి పాడుచేస్తుందని మెయిల్లో పంపా. రెండున్నాయి. ఒకటి మూడు మైకుల ఫైళ్ళు, నేను ముట్టుకోనివి. విజయవాడ తీసుకుపోవాలంటే పో. దొంగతనంగా అడగాల్సిన పనిలేదు. రెండోది నేను చేసింది.

…ఆఁ. చేసా. మూడు రోజులు కూచున్నా. కోపంతోనే చేసా.

…ఎట్లా అంటే? ఎడమా కుడీ తీసేసా. నీ రెండు మైకులూ గ్రేసీ గొంతూ కలిపి నడిమధ్య ఒక్కచోట పెట్టా. పాతకాలం రేడియోలో పాట వచ్చేది చూడు, అట్లా. ఒక చెవితో వినేవాడికీ రెండు చెవులతో వినేవాడికీ అది ఒకటే. ఎడం పక్క పెంచటానికి అసలు ఎడం పక్కే లేదు. ఏది ముందుండాలి, ఏది వెనకుండాలి, అంతే చూసుకున్నా. అది ఒక చెవితో చూసుకోవచ్చు.

…గ్రేసీ ఊపిరి తీసుకునే చప్పుడు ఉంచేసా. హైవే మీద లారీ హారన్ ఒకటుంది, పోలేదు. ఉండనీ.

పెట్టు. స్పీకర్ల మీద పెట్టి ఫోన్ పక్కన పడెయ్. నేను లైన్లోనే ఉంటా.

…

…మాట్లాడకు. ఇంకా చరణం ఉంది.

…

…

అయిందా.

…బాగుంది అనకు. ఆ మాట రెండేళ్ళ నుంచి వింటున్నా. …గ్రేసీ ఏడిస్తే ఏడవనీ. ఏడుపు చూసి పాట బాగుందనుకోటం మా బావమరిదితోనే సరిపోయింది. నాకు తప్పు చెప్పు.

…లేకపోతే పెట్టేస్తా. ఇంక నీ పాటా వద్దు, నువ్వూ వద్దు.

…

…ఎక్కడ?

…రెండో చరణం. …పియానో ముందుకొచ్చి గ్రేసీని మింగేసింది. ఏ మాట దగ్గర? …"నీళ్ళింకా" దగ్గర. ఉండు, రాసుకుంటున్నా. ఎంత తగ్గించాలి? …కొంచెం అంటే? …సరే. ఇంకా?

…చివర్లో గది మోత ఎక్కువుంది. బావిలోంచి పాడినట్టు. …సగానికి తెమ్మంటావా? …ఆఁ. ఒక్క చెవితో గది మోత నాకు సరిగా అందట్లా. అందుకే ఎక్కువేసుంటా. రాసుకున్నా.

…లారీ ఉండనీ అంటోందా గ్రేసీ? ఉంటుంది.

…అంతేనా? నిజంగా అంతేనా?

చెప్పటానికి ఎంతసేపు పట్టింది నీకు? నిమిషం పట్టలా. ఆ నిమిషం మాట రెండేళ్ళు దాచుకున్నావురా నువ్వు.

…విజయవాడ పంపొద్దంటావా? అది నీ ఇష్టం. ఫైళ్ళు నీ దగ్గరున్నాయి. నేను అడగను.

…సాయంత్రానికి సరిచేసి పంపుతా. మళ్ళీ విను. మళ్ళీ తప్పు చెప్పు. తప్పు లేదన్నావంటే బుల్లిబాబు దగ్గరికే పో.

…లేదు, రావద్దు. బండేసుకుని వచ్చావంటే తలుపు తియ్యను. నీ మొహం చూడాలని లేదింకా.

…ఎప్పటికో తెలియదు. చెప్పలేను.

…ఊఁ. పెట్టేస్తున్నా. పియానో తగ్గించాలి.