చెప్పులిడిసి రాండి కళ్లంలోకి

వన్నూరి స్టిక్కు కిందనుంచి బంతి జారిపోయిందంట. ఒకసారి జారితే పొరపాటు అనుకో. ఆ పొద్దు వచ్చిన బంతి వచ్చినట్టే జారిపోయిందంట. వన్నూరి ఎవరంటారా? మీరు పక్కూరి పిల్లోళ్లు, మీకు తెల్దులే. ఏయ్ అమ్మీ, కాలు ఎనక్కి తీయి! ఇంగా పచ్చిగుండాది. అలికింది ఆరేదాకా ఎవ్వరూ తొక్కేది లేదు. ఆరేదాకా ఈ కథ చెప్తా, కూచోండి ఆ గట్టు మీద. వన్నూరమ్మ మా ఊరి సుంకమ్మ కూతురు. హైస్కూల్లో డ్రిల్లు సారు నబీరసూలు ఉండె గదా, ఆయప్ప ఆ పిల్ల చేతికి హాకీ స్టిక్కు ఇచ్చె. ఇచ్చినప్పట్నుంచి ఆ పిల్ల దాన్ని ఇడిసిపెట్టిందే లేదు. స్కూలు గ్రౌండు ఎట్లుంటాదో మీకు తెలుసు, రాళ్లూ గులకలూ. బంతి మిడత మాదిరి ఎగురుతాది. ఎగిరే బంతిని గాల్లోనే కొట్టి కిందికి దించేదంట వన్నూరి. చూసినోళ్లు ఈ పిల్ల జిల్లాకు ఆడతాదిరా, దేశానికే ఆడతాదిరా అనిరి. సరే, నబీ సారు టౌనుకు సెలక్షన్‌కు పిల్చుకొని పాయ. ఆడ ఏమైందంటే, ఆడుండేది టర్ఫు. పచ్చగా పరిచిన ప్లాస్టిక్ గడ్డి. దాని మీద బంతి ఎగరదు, నేలను కరుచుకొని పాము మాదిరి వస్తాది. ఈ పిల్ల చెయ్యేమో అలవాటు కొద్దీ ముందే పైకి లేస్తాది. స్టిక్కు పైన, బంతి కింద. జారిపాయ, జారిపాయ, జారిపాయ. టౌను పిల్లోళ్లు నగిరి. సెక్రెటరీ అని ఒకాయన ఉంటాడు ఆ స్టేడియానికి, ఆయనా నగె. ఇది గిల్లీదండ కాదమ్మా అన్నాడంట.

నబీ సారు ఊరుకోలే. సార్, తప్పు పిల్లది కాదు, నేలది, వారానికి రెండు పొద్దులు ఈ టర్ఫు మీద ఆడనీండి, చేతులు అవే దిగుతాయి అని బతిమాలినాడు. సెక్రెటరీ ఏమన్నాడంటే, సారూ, ఇది ఫారిన్ నుంచి తెప్పించిన గడ్డి, పల్లె పిల్లోళ్లు కాళ్లకు మట్టి తెస్తారు, టర్ఫు అరిగిపోతాది, రేపు పైవాళ్లకు నేనేం జవాబు చెప్పేది, మీకు గేటు తాళం తీసేది లేదు అన్నాడు. సరే, అరిగిపోతాది అనుకో. మరి ఆయన ఈపు ఎనకాల ఏం జరుగుతాందో వన్నూరి చూస్తానే ఉండాది. కాంట్రాక్టర్లు, ఆఫీసర్లు, వాళ్ల ఆడోళ్లు ఆ టర్ఫు మీదనే వాకింగ్ చేస్తాండారు, చేతులూపుకుంటా, ఫోన్లు మాట్లాడుకుంటా. ఒకాయన కుక్కను గూడ పిల్చుకొచ్చినాడంట. కుక్క కాళ్లకు మట్టి ఉండదా? పల్లె పిల్లల కాళ్లకే ఉంటాదా? ఇది న్యాయమా, మీరే చెప్పండి. జనం సొమ్ముతో పరిచిన గడ్డి మీద జనం పిల్లలకు చోటు లేకుంటే, అది ఎవరి గడ్డి? దున్నేవాళ్లదే భూమి అంటారు గదా, మరి ఆడేవాళ్లది కాదా గ్రౌండు?

అంతలోనే ట్యాంకరు వచ్చింది. పెద్ద పైపు పెట్టి ఆ గడ్డికి నీళ్లు కొడతాండారు, కాలవ మాదిరి. ఏంది సార్ ఈ నీళ్లు అని అడిగిందంట వన్నూరి. టర్ఫు తడపాలమ్మా, తడిగా ఉంటేనే బంతి సాఫీగా పోతాది అని నబీ సారు చెప్పె. ఆ మాట చెప్పేటప్పుడు ఆయప్ప కూడా ఆ పిల్ల మొగం చూడలేకపాయ. ఎందుకంటే అట్లాంటి ట్యాంకరే గదా మా ఊరికి వారానికొకసారి వస్తాది. అది వచ్చిన పొద్దు బిందెల కోసం అక్కాచెల్లెళ్లే జుట్టు పట్టుకుంటారు. ప్లాస్టిక్ గడ్డికి దప్పికయిందంట, మనుషులకు కాలేదంట! బస్సెక్కినంక నబీ సారు చెప్పినాడు, చూడమ్మా, వానకాలం పోయినంక పెద్ద లీగ్ టీముకు జూనియర్లను ఏరేదానికి ఒక మేడమ్ వస్తాది ఈ స్టేడియానికే, ఈసారి తప్పితే నీకు వయసు దాటిపోతాది, మళ్లా అవకాశం రాదు అని. ఆ పిల్ల కిటికీలోంచి ఎండిన చేన్లు చూసుకుంటా కూచుంది.

ఇంటికొచ్చి స్టిక్కు మూలకు గిరాటేసింది. సుంకమ్మ రొట్టె కాలుస్తాంది. ఏందే, మొగం అట్ల పెట్టుకున్యావ్? అంటే, నా ఆట అయిపాయలేమ్మా, నేల తేడా వచ్చింది అంది. ఎట్లుంటాదే ఆ నేల? అలికిన కళ్లం మాదిరి ఉంటాది, బంతి నేలబట్టుకొని ఉరుకుతాది అంది. సుంకమ్మ రొట్టె తిరగేసి, ఓస్, అంతేనా? అలుకుదాం పదవే అనింది. నువ్వూ నీ అలుకుడూ అని ఈ పిల్ల కసిరింది గానీ, సుంకమ్మ అప్పటికే లేచి మారెక్క వాకిట్లో నిలబడి ఉండాది. ఏం మారెక్కా, మీ చేను గట్టున పాత కళ్లం ఉండె గదా, శెనక్కాయ మిషన్లు వచ్చినంక పనీపాటా లేకుండా పడుండాదే, మా పిల్లకు ఇస్తావా? మారెక్క ఏమనె? కళ్లం పండితే నాకేం వస్తాదే? అనె. మా పిల్ల పండుతాది అంది సుంకమ్మ. ఆ మాటకు మారెక్క పార తెచ్చిచ్చె.

ఇంగ చూడాల మా ఊరి ఆడోళ్లను! గడ్డి పీకిరి, ఎర్రమన్ను పోసిరి. రాతి గుండుకు తాడు కట్టి లాగేదానికి ఎద్దులు యాడుండాయి? ఆడోళ్లే లాగిరి. పేడ ఇంటింటికీ దొరికె. నీళ్ల కాడ వచ్చింది కొట్లాట. తాగేదానికే లేకుంటే అలికేదానికా అని కొందరు తగులుకునిరి. అప్పుడు ఊరికి పెద్దామె హనుమక్కవ్వ ఏమందంటే, తాగే నీళ్లు ఎవరడిగినారే? బియ్యం కడిగిన నీళ్లు, పిల్లోళ్లకు పోసిన నీళ్లు, అవి తెండి, సోపు నీళ్లు మాత్రం తేవద్దండి అంది. అంతే, పొద్దు పొడిస్తే చాలు, ఇంటికొక బిందె మురికి నీళ్లు కళ్లం కాడికి నడిచి వస్తాండె. అలికి, ఆరబెట్టి, మళ్లా అలికి, మళ్లా ఆరబెట్టి. నాలుగు అలుకుళ్లకు అద్దం మాదిరి వచ్చిందంట నేల. నబీ సారు వచ్చి బంతి ఇడిచినాడు. ఇడిస్తే అది సర్రున పోయి అవతలి గట్టుకు కొట్టుకునింది. ఆయప్ప యా అల్లా అని నెత్తిన చేయి పెట్టుకున్యాడు.

ఇంగ ఆట మొదలు అనుకునేలోపల ఇంకో తగాదా. వన్నూరి షూలేసుకొని కళ్లంలో కాలు పెట్టబోయిందో లేదో, హనుమక్కవ్వ చీపురు పరక ఎత్తింది. చెప్పులిడువే! గింజ రాలే చోటికి చెప్పులతో వస్తావా? నబీ సారు అన్నాడు, అవ్వా, ఇప్పుడు గింజ యాడుంది, ఇది ఆట, రేపు టర్ఫు మీద షూలుండాల. అవ్వ అంది, నీకు మసీదులోకి చెప్పులతో పోయే అలవాటుంటే చెప్పు సారూ, మేమూ వేసుకుంటాం. అట్ల ఆ పిల్ల వట్టి కాళ్లతోనే ఆడింది, ఎండాకాలమంతా, వానకాలమంతా. పొద్దున ఆడితే సాయంత్రానికి నేల గీసుకపోయేది. మళ్లా అలకడం. పైకి లేచే చెయ్యి మెల్లగా దిగింది. స్టిక్కు నేలకు అంటుకునింది. ఏయ్, ఎవరబ్బా ఆ మూల గెలికేది? చెప్తాంటే ఇనపడదా?

సెలక్షన్ పొద్దు వచ్చింది. మా ఆడోళ్లు ట్రాక్టరెక్కి టౌనుకు పోయిరి. స్టేడియం లోపలికి రానీలే, వలకంచె బయట నిలబడి చూస్తాండారు. ఆడ ముందు ఆట కాదంట, సభ అంట. టర్ఫు మీదనే కుర్చీలు, టర్ఫు మీదనే దీపం కుందె. తోలు బూట్లతో గెస్టులు టకటకా నడుచుకుంటా వచ్చి దీపం ఎలిగిచ్చిరి, నూనె కారె. సెక్రెటరీ టెంకాయ తెచ్చి టర్ఫు మీదనే టప్పున పగలగొట్టె, చిప్ప ముక్కలు చెదిరె. మైకు పట్టుకొని, పల్లె పల్లెకూ క్రీడ, గడప గడపకూ మెడల్ అన్నాడంట. ఆ నోటితోనే గదా గేటుకు తాళమేసింది! ఢిల్లీ దిక్కునుంచి వచ్చిన మేడమ్, జుట్టు నెరిసిన పాత ప్లేయరు, టైమైతాంది టైమైతాంది అని వాచీ చూపిస్తానే ఉండాది. ఆయమ్మకు తెలుగు రాదు, వీళ్లకు సిగ్గు రాదు.

కుర్చీలు ఒక అంచుకు జరిపి ఆట మొదలుపెట్టిరి. వన్నూరి టర్ఫు అంచుకు వచ్చి, ఏం చేసిందో దానికే తెల్దు, షూలు రెండూ ఇడిసి పక్కన పెట్టి, వంగి నేలకు దండం పెట్టుకొని వట్టి కాళ్లతో లోపలికి పాయ. కాళ్ల అలవాటు అది. పోయీ పోగానే బంతి అందుకునింది. ఒకరిని దాటె, ఇద్దరిని దాటె, తడి నేల మీద కాళ్లు చేప మాదిరి పోతాండాయి. అంతలో సెక్రెటరీ ఆపండి ఆపండి అని అరుచుకుంటా, అవే తోలు బూట్లతో, ఉరుక్కుంటా నడిమద్దెకు వచ్చినాడు. ఏ ఊరి మనిషివే నువ్వు? షూలు లేకుండా, మట్టి కాళ్లతో టర్ఫంతా ఖరాబు చేస్తాండావ్! నువ్వు అవుట్, నీ పేరు కొట్టేస్తాండా, పో బయటికి!

వన్నూరికి ఏడుపు కూడా రాలేదంట, ఒళ్లంతా మంట. ఎండాకాలం నుంచి తల్లి మోసిన బిందెలన్నీ ఒక్కసారి నెత్తి మీద పడినట్టాయ. అప్పుడు వలకంచె ఎనకనుంచి సుంకమ్మ గొంతు ఇనపడింది. ఓ సారూ! మా పిల్ల కాళ్లకు మట్టుందంటివే, నీ బూట్లకేముందయ్యా? చెప్పులిడువు ముందు! కళ్లంలోకి చెప్పులతో వచ్చి, నూనె పోసి, టెంకాయ కొట్టి, మా పిల్లను మురికి అంటావా? వాచ్‌మన్ గేటుకడ్డం నిలబడేలోపల ఆడోళ్లు తోసుకొని వచ్చేసిరి. వచ్చి ఏం చేసిరనుకుంటారు? కొట్టిరా? తిట్టిరా? లేదు. గేటు కాడ చెప్పులన్నీ వరసగా ఇడిసిరి. వట్టి కాళ్లతో టర్ఫు మీదికి పోయి, చిప్ప ముక్కలు ఏరి ఒళ్లో ఏసుకునిరి. కొంగులతో నూనె తుడిసిరి. గెస్టులు కుర్చీల్లో అట్లే బిగుసుకపోయినారు.

మేడమ్ నబీ సారును పిలిచింది. ఆయప్ప హిందీలో కళ్లం సంగతి, పేడ సంగతి, తాళం సంగతి అన్నీ చెప్పినాడు. పేడ అన్నప్పుడు ఆయమ్మ నగిందంట, తాళం అన్నప్పుడు నగు పాయ. లేచి ఏమందంటే, షూలు లేకుండా ఆడేది కుదరదు, అది రూలు. బంతి తగిలితే పిల్ల కాలెముక ఇరుగుతాది, ఆ రూలు పిల్ల కోసమే గానీ గడ్డి కోసం కాదు. గడ్డి కోసం వేరే రూలుంది, తోలు బూట్లతో టర్ఫు మీదికి రాగూడదు. ముందు ఆ రూలు జరగనీ, తర్వాత ఈ రూలు. నబీ సారు దాన్ని తెలుగులో చెప్పినాడు, గట్టిగా, అందరికీ ఇనపడేటట్టు, రెండుసార్లు. ఇంగ చూడండి! గెస్టులందరూ బూట్లిప్పి చేతబట్టుకొని, తడి మేజోళ్లతో చపచపమని నడుచుకుంటా బయటికి పాయిరి. అందరికంటే ఎనకాల సెక్రెటరీ, ఒక మేజోడుకు చిల్లు, బొటనవేలు బయటికి చూస్తాంది. నగండి, నగండి, నగాల్సిందే.

కానీ వన్నూరికి నగు రాలే. ఎందుకంటే ఇప్పుడు షూలేసుకొని ఆడాల. టర్ఫు అంచున, ఇడిసిన షూల పక్కన కూచుంది. సుంకమ్మ వచ్చి కూతురు ముందర కూచునింది. ఆ షూలు తీసుకొని, అడుగులు రెండూ కొంగుతో తుడిసి తుడిసి, ఒక ఇసుక రేణువు లేకుండా తుడిసి, తన చేతులతోనే కూతురి కాళ్లకు తొడిగింది. మట్టి లేదు, ఇప్పుడు ఇవి చెప్పులు కాదులే, పో అనింది.

పోయింది. మొదట కాళ్లు మొద్దులైనట్టుండాయంట. ఒకసారి బోర్లా పడింది. టౌను పిల్లోళ్లు మళ్లా నగిరి. లేచింది. అప్పుడు అవతల నుంచి ఒక పిల్ల బలంకొద్దీ కొట్టింది బంతిని. నేలను కరుచుకొని, పాము మాదిరి, పోయినసారి జారినట్టే వస్తాంది. మా ఆడోళ్లు మళ్లా కంచె కాడికి పోయి, వల పట్టుకొని చూస్తాండారు. ఆ పిల్ల చెయ్యి లేచిందా? లేవలే. స్టిక్కు నేలకు అంటుకొనే ఉండాది. టక్! బంతి వచ్చి, గూటం కాడ కట్టేసిన దూడ మాదిరి నిలబడిపోయింది. అంతే, ఆడనుంచి ఆట దానిది. గోల్ కొట్టిందా అంటే, లేదు, కొట్టలేదు, అబద్ధమెందుకు. ఆ పక్క వాళ్లే గెలిచిరి. కానీ తన దిక్కు వచ్చిన బంతిని ఒక్కదాన్ని గూడ పోనియ్యలే. మేడమ్ రాసుకున్న పేర్లలో మొదట ఉండేది వన్నూరమ్మ పేరు. క్యాంపుకు పాయ, టీములో చేరె. ఇప్పుడు టీవీలో ఆడతాంది, మీరు చూసింటారు.

ఆ పిల్ల టీములో చేరిన తెల్లారి పేపర్లో ఏమొచ్చిందో చెప్పమంటారా? సెక్రెటరీ ఫోటో వచ్చింది. మా టర్ఫు తయారు చేసిన ఆణిముత్యం అని. మా టర్ఫంట! ఆ పిల్ల నబీ సారుతో ఫోన్లో అరిచిందంట, సారూ, వాళ్లకు చెప్పండి, నన్ను తయారు చేసింది మా అమ్మోళ్ల మురికి నీళ్లని. ఎవరు రాస్తారు ఆ మాట? పేపరోళ్లు రాయరు, నేను చెప్తాండా, మీరు ఇంకొకరికి చెప్పండి. టౌన్లో ఆ గేటుకు తాళం అట్లే ఉండాది. ట్యాంకరు రోజూ పోతానే ఉండాది ఆ గడ్డి కాడికి. వాకింగోళ్లు నడుస్తానే ఉండారు, కుక్క గూడ. ఒక పిల్ల గెలిస్తే తాళం ఊడదు నాయనా, మనమంతా పోయి ఆ గేటు కాడ నిలబడాల. నిలబడేదానికి ముందు ఆట రావాల, ఆట కోసమే ఇంత అలుకుడు.

ఆరినట్టుంది, ఏదీ, ఏలు పెట్టి చూడండి. ఆరింది. షూలు ఆ గంపలో ఉండాయి, మేడమ్ రూలు ఇన్నంక హనుమక్కవ్వ పెట్టిన కట్టుబాటు, కళ్లం షూలు కళ్లంలోనే, రోడ్డు తొక్కేది లేదు. మీ చెప్పులు గట్టు మీద ఇడిసి, అడుగులు తుడుసుకొని రాండి. రేపు వచ్చేటప్పుడు వట్టి చేతులతో రావద్దండి, ఇంటికొక బిందె తెండి. సోపు నీళ్లు కాదు!